గద్దె దించినవారికే ఎన్నికలు కరువు

జనరల్ హుస్సేన్ మహమ్మద్ ఎర్షాద్ 1982 మార్చి 24న అధ్యక్షుడు అబ్దుస్ సత్తార్‌ను తప్పించి బంగ్లాదేశ్ గద్దెనెక్కారు. ఆయన్ను దించడానికి ఆ దేశానికి 1990 డిసెంబరు 6 దాకా పట్టింది. జనానికి తెగువ లేక కాదు. 1983 ఫిబ్రవరిలోనే ఎర్షాద్ సర్కారు తెచ్చిన మజీద్ ఖాన్ విద్యా విధానానికి వ్యతిరేకంగా ఢాకా విద్యార్థులు తూటాలకు ఎదురు నిలిచారు. 1987 నవంబరు 10న నూర్ హుస్సేన్ అనే యువకుడు ‘నిరంకుశత్వం నశించాలి’ అని ఛాతీ మీద, ‘ప్రజాస్వామ్యానికి విముక్తి కావాలి’ అని వీపు మీద రాయించుకుని ప్రదర్శనలో నడిచాడు. పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. అయినా ఎర్షాద్ కుర్చీ చెక్కుచెదరలేదు.

ఆ కుర్చీని నిలబెట్టింది ఒక్క సైన్యమే కాదు, ప్రతిపక్షం కూడా. షేక్ హసీనా నాయకత్వంలోని అవామీ లీగ్, ఖలీదా జియా నాయకత్వంలోని బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీ (బీఎన్‌పీ) ఎడమొహం పెడమొహంగా ఉండేవి. 1986 మే ఎన్నికల్లో మొదటిది పోటీచేసింది, రెండోది బహిష్కరించింది. ఒకరు బరిలో దిగడంతో ఎన్నికకు మర్యాద దక్కింది, మరొకరు దిగకపోవడంతో ప్రత్యర్థులు చీలిపోయారు. నియంతకు అంతకన్నా ఏం కావాలి?

ఈ చిక్కుముడి విప్పింది విద్యార్థులే. 1990 అక్టోబరు 10న జెహాద్ అనే విద్యార్థి కాల్పుల్లో మరణించాడు. అతడి మృతదేహం సాక్షిగా, అప్పటిదాకా క్యాంపస్‌లో కొట్టుకుంటున్న సంఘాలు సర్వదళ ఛాత్ర ఐక్య (అఖిలపక్ష విద్యార్థి ఐక్యత) పేరుతో ఒక్కటయ్యాయి. పిల్లలు కలిశాక పెద్దలకు విడిగా ఉండే దారి లేకపోయింది. నవంబరు 19న అవామీ లీగ్, బీఎన్‌పీ, వామపక్షాల కూటములు మూడూ ఉమ్మడి ప్రకటన చేశాయి. ఎర్షాద్ దిగిపోవాలని అడగడంతో అది ఆగలేదు. దిగాక పగ్గాలు ఎవరికి, ఎలా అన్నదీ చెప్పింది. అందరికీ ఆమోదయోగ్యుడైన, ఏ పార్టీకీ చెందని వ్యక్తికి అధికారం అప్పగించి, ఆయన ఆధ్వర్యంలో ఎన్నికలు జరపాలన్నది దాని సారాంశం. ‘నేను పోతే అరాచకమే’ అని బెదిరించే పాలకుడికి అంతకు మించిన జవాబు లేదు.

నవంబరు 27న ఢాకా విశ్వవిద్యాలయం వద్ద డాక్టర్ షంషుల్ ఆలం మిలన్‌ను కాల్చి చంపారు. అదే రోజు ఎర్షాద్ అత్యవసర పరిస్థితి విధించారు. పాత్రికేయులు పత్రికలనే ఆపేశారు. సెన్సారు కత్తెరకు లొంగి అచ్చేయడం కంటే అచ్చు మానేయడం మేలనుకున్న ఆ నిర్ణయాన్ని సాటి పత్రికగా గౌరవంతో తలచుకుంటున్నాం. చివరికి సైన్యం చేయి వదిలేసింది. ఉపాధ్యక్షుడు మౌదూద్ అహ్మద్ రాజీనామా చేయగా, ప్రధాన న్యాయమూర్తి షహాబుద్దీన్ అహ్మద్‌ను ఆ స్థానంలో నియమించి ఎర్షాద్ తప్పుకున్నారు. తాత్కాలిక అధ్యక్షుడైన షహాబుద్దీన్ 1991 ఫిబ్రవరి 27న ఎన్నికలు జరిపించి, తర్వాత తన న్యాయపీఠానికి తిరిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి కథే బాధాకరం. జైల్లో ఉండి పోటీచేసిన ఎర్షాద్ అయిదు స్థానాల్లో గెలిచారు. కాలక్రమంలో రెండు ప్రధాన పార్టీలూ ఆయనతో పొత్తుకు చేయి చాచాయి. 2019 జులైలో మరణించేనాటికి ఆయన పార్లమెంటులో ప్రతిపక్ష నేత. ఆయన్ను దించిన విద్యార్థులకు దక్కిందేమిటి? ఢాకా విశ్వవిద్యాలయ కేంద్ర విద్యార్థి సంఘానికి, అంటే డాక్సుకు, ఎర్షాద్ హయాంలోనే 1990 జూన్‌లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత జరిగింది 2019 మార్చిలో! సైనిక పాలకుడు జరపనిచ్చిన ఎన్నికలను ఓటుతో వచ్చిన ప్రభుత్వాలు 28 ఏళ్లు అటకెక్కించాయి. ఉస్మానియాలో దశాబ్దాలుగా విద్యార్థి సంఘ ఎన్నికల ఊసెత్తని మన పాలకులకూ ఇందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు.

2024 ఆగస్టులో హసీనాను గద్దె దించిందీ విద్యార్థులే. 2025 సెప్టెంబరులో డాక్సు ఎన్నికలు మళ్లీ జరిగాయి. గెలిచింది ఎవరైనా, ఆ ఎన్నికలు ఏటా జరిగి తీరేలా, తేదీ మార్చే అధికారం ప్రభుత్వానికి లేకుండా, ఢాకా పార్లమెంటు చట్టం చేయాలి.