గట్టు అంటే కొండే, నవ్వకండి

గట్టు అంటే కొండ. గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ మాట మింగుడు పడదని తెలుసు, అయినా అనక తప్పడం లేదు.

మా మేనకోడల్ని నల్గొండ వైపు ఇచ్చాం. ఆ మధ్య అల్లుడుగారు చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టి "గట్టు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది" అని రాశారు. అంతే, మనవాళ్ళ వెటకారం మొదలు. "గట్టెక్కడానికి ఆయాసమేంటి బావగారూ, మా ఊళ్ళో గేదెలు రోజూ ఎక్కి దిగుతాయి" అని ఒకడు. "కాలు జారితే చెరువులో పడతారు, జాగ్రత్త" అని ఇంకొకడు. ఆ గుడి ఉన్నది కొండ మీదరా నాయనా! ఆయన పాపం ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మనకి తెలిసిన గట్లు ఏవి? చేను గట్టు, కాలవ గట్టు, చెరువు గట్టు, ఏటిగట్టు. గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదని అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాటలు మానేసిన ఊళ్ళు మనవి. పక్కవాడు ఏటా గట్టు చెక్కుతూ మన చేను కాస్త కాస్త కలిపేసుకుంటున్నాడని పెద్దమనుషుల దగ్గరికి పరిగెత్తే జనం మనం. కోనసీమంతా తిరిగినా కొండ కనపడదు కాబట్టి గట్టు అన్న మాట మన దగ్గర కట్టకే అంకితమైపోయింది. అందులో తప్పేం లేదు. మన అర్థమే అసలు అర్థమనీ, మిగతా వాళ్ళకి తెలుగు రాదనీ అనుకోవడంతోనే నా పేచీ.

అసలు పాత తెలుగులో పార్వతీదేవికి గట్టురాచూలి అని పేరు. గట్టురాజు అంటే హిమవంతుడు, ఆయన కూతురని. మన లెక్కన చెప్పుకుంటే ఆవిడ ఏటిగట్టుకి కాపలా కాసే లస్కరుగారి అమ్మాయి అవ్వాలి! నిఘంటువు తెరిస్తే కొండ, మల, తిప్ప, గుబ్బలి, గట్టు అన్నీ ఒక్క కుదురు మాటలే. వీటిలో గుబ్బలి పద్యాల్లోనే మిగిలింది. తిప్ప మన సముద్రతీరానికి వచ్చేసరికి ఇసుక మేట అయి కూర్చుంది. గట్టు మాత్రం తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇంకా జనం నోట్లో కొండగానే బతికుంది. గద్వాల దగ్గర గట్టు అనే మండలమే ఉంది. పోగొట్టుకున్నది మనం, ఎగతాళి వాళ్ళకా?

ఇంకో సంగతి. కాటన్ దొర ఆనకట్టకి ధవళేశ్వరాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? అక్కడ నది బాగా వెడల్పు, మధ్యలో లంకలు, అన్నిటికీ మించి పక్కనే రాయి దొరికే కొండ. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశారంటే ఆ కొండ రాయి చేతికి అందేంత దూరంలో ఉండడం పెద్ద కారణం. అంటే గట్టు కొట్టి గట్టు కట్టారన్నమాట. ఆ నీళ్ళతోనే కదా మనం ఇవాళ రెండు పంటలు పండించుకుని, కడుపునిండా తిని, వెటకారాలు ఆడుతున్నది.

పైగా మన గట్టు కూడా మరీ చిన్నదేం కాదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర, సుమారు 17 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చింది దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. గట్లు తెగి ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. ఆ తరం వాళ్ళని కదపండి, పిల్లల్నీ గొడ్లనీ ఏటిగట్టు మీదికి ఎలా చేర్చారో చెబుతారు. గట్టెక్కాం అనే మాట వాళ్ళ నోట వింటే వేరేగా ఉంటుంది. నీళ్ళకి అందని ఎత్తు కావాలి మనిషికి. నల్గొండలో ఆ ఎత్తు రాతి గుట్టలో ఉంది, మనకి మట్టికట్టలో ఉంది. చేత్తో కట్టిందైతే గట్టు, దేవుడు పెట్టిందైతే కాదు అనే రూలు ఎవరు పెట్టారో నాకైతే తెలీదు.

ఇంత చెప్పినా మా గ్రూపులో ఒకాయన "అవన్నీ పుస్తకాల్లో మాటలండీ, ఒక మాటకి ఒకటే అర్థం ఉంటుంది" అని తీర్పు చెప్పేశారు. ఆయనకి మెట్ట అంటే వర్షాధారపు భూమి, అంతే. జగ్గంపేట, ప్రత్తిపాడు వైపు మెట్ట, మనది డెల్టా, ఫుల్‌స్టాప్. సరే, ఆయన్ని ఓ ఆదివారం పెద్దాపురం తీసుకెళ్ళి, ఎండ పడకముందే పాండవుల మెట్ట మీదికి మెట్లన్నీ ఎక్కించి, పైన నిలబెట్టి అడగాలని ఉంది: ఈ మెట్టలో ఈ ఏడు కంది వేశారా, పెసర వేశారా అని.