పిల్లల్ని ఉచితంగా చూస్తున్నది మన అమ్మలే

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం 2025 నవంబరు 1 నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా అన్ని కుటుంబాలకూ డే కేర్ ఖర్చు తానే భరిస్తోంది. కుటుంబానికి ఒక్కో బిడ్డ మీద ఏడాదికి సగటున 12,000 డాలర్లు మిగులుతాయని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఈ వార్త వచ్చాక, అమెరికాలో ఉన్న మన శ్రీకాకుళంవాళ్ల విందుల్లో వినబడిన మాట ఒకటే: "మన ట్యాక్సులతో ఎవరి పిల్లల్నో పెంచాలా?"

ఎవరి పిల్లల సంగతో తర్వాత. మన పిల్లల్ని ఎవరు పెంచుతున్నారు? కాన్పుకి అమ్మ వస్తుంది. ఇక్కడ ఉండనిచ్చే ఆరు నెలల గడువు దగ్గరపడగానే ఆమెను విమానం ఎక్కించి అత్తగారిని దింపుకుంటాం. సిక్కోలులో వీధి వీధంతా పలకరిస్తే తప్ప పొద్దుపోని మనిషి, ఇక్కడ మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి దిగుతూ, మాట్లాడే దిక్కు లేక, పాల సీసాలు కడుగుతూ ఉంటుంది. మనవడంటే ఆమెకి ప్రాణమే, కాదనను. కానీ ఆ ప్రాణాన్ని అడ్డం పెట్టుకుని నెలకి వేల డాలర్లు మిగుల్చుకుంటున్నది మనం.

మన జిల్లాలో ఇదే ఏర్పాటు ఇంకాస్త మొరటుగా నడుస్తోంది. హైదరాబాదుకో చెన్నైకో భవనాల పనికి వెళ్లినవాళ్ల పిల్లలు మామ్మ దగ్గరే పెరుగుతారు. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్లకి బిడ్డని వెంట తీసుకెళ్లే వీలుండదు. పిక్క పైతొక్కలోని నూనె తగిలితే పెద్దవాళ్ల చేతులే పొక్కుతాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పైమందికి మించి ఆడవాళ్లున్న చోట పిల్లల గది ఉండాలంది. అంతకు తక్కువమంది ఉన్న జీడి బట్టీకి ఆ బాధ్యత పెట్టలేదు. "గుంటల్ని ఎవులు సూత్తారు బాబూ?" అని అడిగే తల్లికి ఆ చట్టం దగ్గర జవాబు లేకపోయింది.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, 1975 నుంచీ ఉంది. అక్కడ ఎవరి ఆదాయమూ అడగరు. అయితే బడిలా కూర్చోబెట్టేది మూడేళ్లు నిండినవాళ్లనే. అంతకంటే చిన్నవాళ్లకి పౌష్టికాహారం ఇంటికిస్తారు, బిడ్డని మాత్రం పట్టుకోరు. తల్లికి చేతులు కావలసిందేమో సరిగ్గా ఆ మూడేళ్లే.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి పెట్టారు. పని దగ్గరికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో వస్తే, కూలీల్లో ఒకామెను వాళ్లని చూసుకోడానికి పెట్టాలి. ఆమెకీ కూలి ఇవ్వాలి. చెరువులో మట్టి తవ్వడం ఎంత పనో, గట్టున పిల్లల్ని ఆడించడమూ అంతే పని. ఎన్ని చోట్ల అమలైందన్నది వేరే గొడవ. కానీ ఇంత సూటిగా ఒప్పుకున్న చట్టాలు నాకు ఎక్కువ కనబడలేదు.

ఇక, డబ్బున్నవాళ్లకీ ఉచితం ఎందుకు? అంగన్‌వాడీకి పట్టిన గతి చూడండి. కాస్త ఉన్నవాళ్లంతా పిల్లల్ని కాన్వెంటు వ్యానెక్కించారు. నిలదీసి అడగగలిగిన నోళ్లు అక్కడ తగ్గిపోయాయి. నెలకి 11,500 రూపాయల మీద బతికే కార్యకర్తలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, ఆంధ్ర ప్రభుత్వం సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. అదే కేంద్రంలో డాక్టరు గారి పిల్లలూ, తహసీల్దారు గారి పిల్లలూ ఉండి ఉంటే సమ్మె వారం దాటేదా?

డబ్బెక్కడిదనే ప్రశ్న న్యాయమైనదే. న్యూమెక్సికోకి చమురు, గ్యాసు రాబడి ఉంది. అన్ని రాష్ట్రాలకీ అది ఉండదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకి ఐదు డాలర్ల ఫీజుతో మొదలుపెట్టింది. ఆడవాళ్ల ఉద్యోగాలు పెరిగాయి, సీట్ల కోసం ఎదురుచూపులూ పెరిగాయి. తక్కువ జీతమిస్తే చూసుకునేవాళ్లు రారు. మనుషులు లేనిచోట ఉచితమన్న బోర్డు ఎందుకు?

మన సంఘం ఏటా ఊళ్లకి బ్యాగులూ బొమ్మలూ పంపుతోంది. ఈసారి ఆ డబ్బుతో పలాస దగ్గర ఒక గది తీసుకుందాం. మూడేళ్లలోపు పిల్లల్ని పిక్కల పని మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా చూసుకునేలా ఇద్దరు ఆడవాళ్లని రెండేళ్లు పెడదాం. ఎవరి పిల్లలనీ అడగొద్దు. లెక్కలన్నీ రాసి కలెక్టరు గారికిద్దాం. జీతం దగ్గర బేరాలొస్తాయని తెలుసు. ముందే చెబుతున్నా, 11,500కి నేను ఒప్పుకోను.