రోజూ పొడిగుడ్డతో తుడిస్తే కారు కొత్తగా ఉంటుందా?

దసరా దగ్గర పడింది కదా, ఒక మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి చుట్టాల గ్రూపు దాకా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "కారు కొత్తదానిలా ఉండాలంటే రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడవండి. వారానికోసారి ఒక బకెట్ నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్, పాత బనియన్ చాలు. గీతలు పడితే టూత్‌పేస్ట్ రాయండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా రబ్బింగ్, వ్యాక్స్ చేయించండి. మిగతావన్నీ డబ్బులు గుంజడానికే." వినడానికి పొదుపు మాటల్లా ఉన్నాయి కాబట్టి మంచివాళ్లే నమ్మి పదిమందికీ పంపిస్తున్నారు. ఇలా చేస్తే పెయింటు పాడవుతుంది. ఎందుకో ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

"రోజూ పొడిగుడ్డతో తుడవాలి"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. కారు రంగు మీద వార్నిష్ లాంటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాన్ని క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా దానిదే, ఎండ నుంచి రంగును కాపాడేదీ అదే. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. జిరాక్స్ కాగితం సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే మనం ముచ్చటపడే మెరుపంతా కాగితంలో సగం మందం.

ఇక దాని మీద పడే దుమ్ము సంగతి. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ మీద. ఏ వీధిలో చూసినా ఒక కట్టడం, కంకర కుప్ప, ఇసుక లారీ. ఆ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద గాజు 5.5 దగ్గర ఉంటే క్వార్ట్జ్ 7. గాజునే గీసేది క్లియర్ కోట్‌ని వదులుతుందా? పొడిగుడ్డ వేసి రుద్దడమంటే ఆ రేణువుల్ని పెయింటు మీద నొక్కి లాగడమే. గుడ్డ పట్టులా ఉన్నా జరిగేది అదే.

మా నల్ల కారుని రెండేళ్లు ఇలాగే తుడిపించాం. సెల్లార్ నీడలో అద్దంలా కనిపించేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే బానెట్ మీద సూర్యుడి మెరుపు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. గుండ్రంగా తుడవడం వల్లే అలా పడ్డాయని చాలామంది అంటారు. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి వలయాల్లా అనిపిస్తాయి. మీరు పక్కకి జరిగితే ఆ వలయమూ జరుగుతుంది. రాత్రి ఫోన్ టార్చ్ వేసి మీ కారు మీద కూడా చూడండి.

దుమ్ము పడితే పడనివ్వండి. ఊరికే కూర్చున్న దుమ్ము గీత పెట్టదు. ఒకే బకెట్‌తో, ఒకే గుడ్డతో పదిహేను కార్లు తుడిచే వాచ్‌మన్‌ని కూడా ఏమీ అనకండి, ఆ పని పెట్టింది మనమే. పదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ బకెట్ అడుగున తొమ్మిది కార్ల ఇసుక ఉంటుంది. మేం మా వాచ్‌మన్‌తో మాట్లాడి, అద్దాలు మాత్రం తడిగుడ్డతో తుడిస్తే చాలన్నాం. నెల డబ్బులు తగ్గించలేదు.

"ఒక బకెట్, పాత బనియన్ చాలు"

బనియన్ నూలుది, మెత్తనిదే. కానీ బల్లపరుపుగా ఉంటుంది, మట్టి లోపలికి పోయే దారి లేక పైపైనే ఉండి పెయింటుని రాస్తుంది. మైక్రోఫైబర్ (చాలా సన్నటి సింథటిక్ పోగుల) గ్లవ్‌కి కుచ్చులుంటాయి, రేణువులు వాటి మధ్యకి చేరతాయి. ఇంకో సంగతి, గుడ్డ తేవడం కంటే ముందు నీళ్లు పని చేయాలి. పైపుతో పైనుంచి కిందికి బాగా కొట్టి, వదులుగా ఉన్న మట్టినంతా చెయ్యి తగలకుండానే దింపేయాలి. పైపు సౌకర్యం లేకపోతే మొక్కలకి మందు కొట్టే చేతి స్ప్రేయర్ చాలు.

తర్వాత బకెట్లు రెండు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. ఒక డోర్ కడగగానే గ్లవ్‌ని మామూలు నీళ్లలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. ఆఖర్న ఆ మామూలు నీళ్ల బకెట్ వంచి అడుగు చూడండి. నల్లటి మడ్డి, వేళ్లతో నలిపితే గరగరమంటుంది. ఒకే బకెట్ అయితే అదంతా మళ్లీ బానెట్ ఎక్కేది. రూఫ్‌తో మొదలుపెట్టి, టైర్ల పక్క కింది భాగాలు చివర్లో కడగాలి. చక్రాలకి గుడ్డ, బకెట్ వేరే పెట్టండి, బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి వాటికి అంటుకుని ఉంటుంది. గుడ్డ నేల మీద పడిందా, ఇక దాన్ని ముట్టుకోవద్దు.

కడిగాక దానంతటదే ఆరనిద్దామనుకోవద్దు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఎండలో చుక్క ఆరిపోతే తెల్ల మచ్చ మిగులుతుంది, అదే పనిగా జరిగితే ఆ మచ్చ ఊడిరాదు. నీడలో, బానెట్ చల్లబడ్డాక కడిగి, పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దినట్టు తుడవండి.

"అంట్లు తోమే లిక్విడ్ వాడొచ్చు"

ఒకసారి వాడితే పెయింటు ఊడిపోతుందని భయపెట్టను, అది నిజం కాదు. కానీ అది నూనె జిడ్డు వదిలించడానికి చేసినది, మీరు వేసిన వ్యాక్స్‌నీ అలాగే వదిలిస్తుంది. కారు షాంపూలో జారుడు గుణం ఎక్కువ ఉంటుంది, మిగిలిన మట్టి గుడ్డ కింద జారిపోవడానికి. ఆ జారుడు కోసమే దాన్ని కొంటున్నాం.

"గీతలకి టూత్‌పేస్ట్"

పేస్ట్‌లో పళ్లు తోమడానికి సన్నటి గరుకు పొడి ఉంటుంది. అది కాస్త అరగదీస్తుంది, గీత తగ్గినట్టే ఉంటుంది, చుట్టూ మసక మిగులుతుంది. గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు తట్టుకుంటే అది లోతు గీత, ఏ పేస్టుకీ పోదు.

"ప్రతి సర్వీసింగ్‌కీ రబ్బింగ్, వ్యాక్స్"

ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మోసపోతున్నాం. రబ్బింగ్ అంటే గీత అడుగుదాకా చుట్టుపక్కల క్లియర్ కోట్‌ని అరగదీయడం. ఉన్న ఆ సగం కాగితంలోంచి ప్రతిసారీ కొంత పోతుంది, తిరిగి రాదు. ఒకచోట సర్వీసింగ్‌కి ఇస్తే మేం అడగకుండానే మెషిన్‌తో రబ్బింగ్ చేశారు. డోర్ అంచున పొర పూర్తిగా పోయి రంగు పాలిపోయింది. అంచుల్లో పెయింటు పల్చన, మెషిన్ ఒత్తిడి, వేడి అక్కడే ఎక్కువ. ఆ డోర్‌కి మళ్లీ పెయింటు వేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి "రబ్బింగ్ వద్దు" అని జాబ్‌కార్డ్ మీద రాయించి ఇస్తున్నాను.

వ్యాక్స్ అరగదీయదు, పైన పల్చటి పొరగా ఉంటుంది. పేరున్న కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే మన తాటిచెట్టు జాతి చెట్టు ఆకుల మీది మైనమే. మన ఎండలకి రెండు మూడు నెలలకి మించి నిలవదు, కాబట్టి దాన్ని మీరే ఇంట్లో వేసుకోవడం మంచిది. శుభ్రంగా కడిగి ఆరిన కారుకి, నీడలో, వీలైనంత పల్చగా రాయండి. మందంగా రాస్తే తుడవడానికి నానా తంటా. వేలితో గీసి చూస్తే మసక తేలిగ్గా విడిపోవాలి, అప్పుడు శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచేయండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి తగలనివ్వొద్దు, తెల్లగా పట్టేస్తుంది.

పెయింటుని కాపాడడానికి పైన ఇంకో పొరగా వేసే సిరామిక్ కోటింగ్ అమ్మేవాళ్లు "గట్టిదనం 9హెచ్" అని చెప్పే మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది పెన్సిళ్లతో గీసి చూసే గట్టిదనం, మోస్ స్కేలు కాదు. ఆ కోటింగ్ వల్ల నీళ్లు, మురికి తేలిగ్గా జారతాయి. ఇసుక పెట్టి రుద్దితే దాని మీదా గీతలు పడతాయి.

"మిగతావన్నీ డబ్బులు గుంజడానికే"

కొన్ని నిజంగానే అంతే, ఆ కోపం నాకూ ఉంది. కావాల్సింది రెండు బకెట్లు, ఒక గ్లవ్, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక కారు షాంపూ, చిన్న డబ్బా వ్యాక్స్. గుడ్డల్ని మిగతా బట్టలతో కలపకుండా, బట్టలు మెత్తబడేందుకు వేసే కండిషనర్ వేయకుండా ఉతుక్కుంటే చాలాకాలం వస్తాయి.

ఆయుధ పూజ రోజు బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం పెడతాం. మర్నాడు అవి ఎండిపోయి ఉంటాయి, దండలోంచి రాలిన దుమ్ము కూడా ఉంటుంది. పొడిగుడ్డతో దులపకుండా ముందు నీళ్లు పోసి ఐదు నిమిషాలు నాననివ్వండి. పిట్ట రెట్టకీ ఇదే పద్ధతి, తడిగుడ్డ దాని మీద వేసి ఉంచి మెత్తబడ్డాక ఎత్తేయండి.