ఎవరూ రాని సహాయ కేంద్రమే ఆదర్శ కేంద్రం

2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి సహాయ కేంద్రాలు ఎందుకు సరిగ్గా నడవడం లేదని మేధావులు తెగ తలలు బాదుకున్నారు. డబ్బు చాలలేదన్నారు, మనుషులు చాలలేదన్నారు, మాస్కులు చాలలేదన్నారు. అసలు కారణం వాళ్లెదురుగానే కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడుగుతోంది. సాయం కోసం వచ్చేవాళ్లే సహాయ కేంద్రానికి అతిపెద్ద ఇబ్బంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా జాతీయ రహదారి పొడవునా కమ్యూనిటీ హాళ్లలో, కల్యాణ మండపాల్లో వెలిసిన కేంద్రాలను పక్షపాతం లేకుండా చూసినవారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

ముందు వేళల సంగతి. ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు అని గేటుకి బోర్డు కడతాం. చెన్నై నుంచి, విజయవాడ నుంచి ఒడిశా, బెంగాల్, జార్ఖండ్ వైపు నడిచిపోయే కూలీలు మే నెల మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద అడుగు పెట్టరు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఎండ ముదిరేదాకా, మళ్లీ పొద్దు వాలాక అర్ధరాత్రి దాకా నడుస్తారు. పగలు ఏ చింతచెట్టు కిందో పడుకుంటారు. అంటే మన వేళలకీ వాళ్ల వేళలకీ ఎక్కడా తగవు లేదు. రిజిస్టరు కూడా మరక లేకుండా ఉంటుంది. ఇంత చక్కటి ఏర్పాటుని చెడగొట్టడానికి కొందరు కుర్రాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే తలుపులు తీసి, రోడ్డు మీదకి ఒక బల్బు వేలాడదీసి, నీళ్ల డ్రమ్ము పెట్టి, ఒడియాలోనూ హిందీలోనూ అట్టముక్క రాసి కట్టారు. ఇంకేముంది, జనం! ఒడియా రాసేవాళ్లు ఎక్కడ దొరికారని అడక్కండి. ఇచ్ఛాపురం వైపు ఏ వీధిలో అడిగినా దొరుకుతారు. ఇన్నేళ్లూ వాళ్లని ఎవరూ అడగలేదు, అంతే.

ఇక దూరం. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న హాల్లో ఆరేసి అడుగులకి ఒక సున్నం గుండ్రం గీస్తే వరసకి ఏడు చొప్పున నాలుగు వరసలు, మొత్తం 28. మన దగ్గరున్న కుర్చీలు 100. మిగతా 72 కుర్చీలని బయటికి మోసెయ్యాలి. గోడ వారగా పేర్చి ఉంచితే గంటలో మళ్లీ హాలు నిండా పరుచుకుంటాయి. 28 గుండ్రాలూ ఖాళీగా ఉన్నంతసేపు చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటాయో. మనుషులొస్తే తల్లి ఒక గుండ్రంలో, మూడేళ్ల గుంట ఇంకో గుండ్రంలో కూర్చోమంటే కూర్చోరు. కుటుంబానికి ఒక పెద్ద గుండ్రం గీస్తే సరిపోతుంది గానీ, అప్పుడు లెక్క తప్పుతుంది. దుమ్ము వస్తోందని కిటికీలు మూసేవాళ్లు మరొక రకం. గుండ్రాలెన్ని గీసినా గాలి ఆడని హాల్లో రోగం గుండ్రం చూసి ఆగదు. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేట్టు పెట్టాలి.

జ్వరం చూసే తుపాకీ గోడకి పెడితే ఎప్పుడూ మాట తప్పదు. మనిషికి పెడితేనే తంటా. నుదుటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. ఎండలోంచి వచ్చినవాళ్లని పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టాలి, లేకపోతే నుదుటి వేడినే జ్వరం అంటుంది. చెమట తుడవకపోతే నిజమైన జ్వరాన్ని కూడా దాచేస్తుంది. మీట ఒంటి వేడి మీద ఉందో, వస్తువుల వేడి మీద ఉందో చూసుకోవాలి. రేకుల షెడ్డులో వేడి 40 డిగ్రీలు దాటిందంటే చాలా తుపాకీలు పనికిరావు. "ఏటి బాబూ, నానేటి సేసినాను, తుపాకీ ఎట్టేస్తన్నావు?" అని ముసలమ్మ అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధంగా ఉండాలి. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరుదీ ఇదే వరస. గోరింటాకు ఉన్నా, గోళ్లరంగు ఉన్నా, అప్పుడే కడుక్కున్న చల్లటి వేలైనా అంకె తప్పొచ్చు. వేలు రుద్ది వెచ్చబెట్టి, అంకె నిలకడగా ఆగేదాకా నిమిషం చూడాలి. అప్పుడు కూడా 94 కంటే తక్కువుంటే టోకెన్లు, సంతకాలు పక్కనపెట్టి అంబులెన్సు పిలవాలి.

బ్లీచింగ్ విషయంలో మన భక్తి జగమెరిగినది. ఒక శాతం ద్రావణం కావాలంటే క్లోరిన్ 30 శాతం ఉన్న పౌడరు లీటరుకి 33 గ్రాములు, పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టుకి 330 గ్రాములు. ఇనప బకెట్టయితే తుప్పు పడుతుంది. కలిపి, మడ్డి దిగాక పైతేట వడగట్టకపోతే స్ప్రేయరు మూతి పూడుకుపోతుంది. మూట విప్పి నెల్రోజులు ఉంచిన పౌడరులో వాసన ఉంటుంది గానీ సత్తువ ఉండదు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిపారా, విషవాయువు. పొలంలో పురుగుమందు కొట్టిన తైవాన్ స్ప్రేయరే దీనికీ వాడతారు కాబట్టి ముందు కనీసం మూడుసార్లు కడగాలి. ఈ మందు తలుపులకి, బల్లలకి. మనుషుల మీద కొట్టొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ 18నే చెప్పింది. అయినా మనిషి నిలబడి తడుస్తుంటే వచ్చే తృప్తి తలుపు తడిస్తే వస్తుందా?

దాతల ఔదార్యం గురించి ఎంత రాసినా తక్కువే. నడిచిపోయేవాడి చేతిలో 5 కిలోల బియ్యం సంచి పెడతారు. వాడి దగ్గర పొయ్యి లేదు, గిన్నె లేదు, కట్టెలు లేవు. భుజం మీద పిల్ల ఉంది. వాడికి కావలసింది అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగ గుళ్లు, రెండు జతల చెప్పులు. బియ్యం మనం ఉంచుకుని పులిహోర చేసి ఇస్తే మేలు. వంద పొట్లాలకి 15 కిలోల బియ్యం, కిలోన్నర చింతపండు. నడిచేవాడి ఆకలి ముందు పెళ్లి భోజనాల లెక్క పనిచేయదు. ఉల్లిపాయ, కొబ్బరి పడకూడదు. నూనె పిసినారితనం చెయ్యకూడదు. ముఖ్యంగా వేడివేడిగా పొట్లం కట్టకూడదు, ఆవిరి లోపలే నీరై మధ్యాహ్నానికి పులిసిపోతుంది. చాపమీద పలచగా ఆరబోసి, పూర్తిగా చల్లారాక సీతంపేట వైపు నుంచి వచ్చే అడ్డాకుల్లో కట్టాలి. దీనికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర ఓపికపట్టలేని ముఖ్య అతిథులే పెరుగన్నం పంచి, సాయంత్రం విరేచనాలు ఆగే మాత్రలు కూడా పంచారు. మాత్రల మాటెత్తితే, ఓఆర్ఎస్ పొడి లీటరు ప్యాకెట్టుని ఒక్క గ్లాసులో గుమ్మరించి ఇచ్చే దయామయులూ ఉన్నారు. లీటరు నీళ్లు కొలిచి కలపాలి, ఒక రోజు దాటితే పారబోయాలి.

ఇంతా చేస్తే వచ్చినవాడు మొదట అడిగేది అన్నం కాదు, చార్జింగు. ఊరికి కబురు చెప్పాలి, వలస కూలీల కోసం అప్పట్లో వేసిన శ్రామిక్ రైలు వివరం తెలుసుకోవాలి. ఎనిమిది ప్లగ్గుల బోర్డు, సన్నపిన్ను, వెడల్పు పిన్ను, టైప్-సి తీగలు, ఫోను వెనకాల నంబరు రాసి అంటించడానికి ప్లాస్టరు టేపు ఉంటే చాలు. ఫోటోలో బాగా పడదని దీన్ని ఏ దాతా ఇవ్వలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కేంద్రాలకి ఇంకో చిక్కు. అక్కడ వచ్చినవారికి కొబ్బరి బొండాం కొట్టివ్వడం మర్యాద. కవిటి, సోంపేట, కంచిలి, మందస ఊళ్లలో కిడ్నీ జబ్బు మనుషులు ఇంటింటా ఉన్నారు. కొబ్బరి నీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని ఒంట్లో అది పోగుపడి గుండె లయ తప్పిస్తుంది. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్ మాత్ర చేతిలో పెట్టడం కూడా ఆ కిడ్నీలకి అంతే ప్రమాదం, పారాసిటమాల్‌తో ఆగాలి. వాళ్లకి మన మర్యాదలు అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లి, నాలుగు గంటలాగి, వెనక్కి దింపే ఆటో కావాలి, పోలీసు ఆపితే చూపించడానికి లాక్‌డౌన్ పాసు కావాలి. బొండాం అయితే చవక.

2021లో టీకాల సాయమని మళ్లీ తలుపులు తెరిచినప్పుడు ముసలివాళ్లు ఆధార్ పట్టుకుని వచ్చారు. టీకా నమోదుకి వచ్చే ఓటీపీ మాత్రం చెన్నైలో ఉన్న కొడుకు ఫోనుకి పోతుంది, వాడు సెంట్రింగు పనిలో ఎత్తు మీద ఉంటాడు. గడువు మూడు నిమిషాలు. ముందే కొడుక్కి ఫోను చేసి, కిందకి దిగాడని ఖాయం చేసుకున్నాకే బటన్ నొక్కాలి. ఒక నంబరు మీద నలుగురినే నమోదు చేసుకోనిచ్చారు కాబట్టి మనవాళ్ల నంబర్లు ఉదారంగా ఇచ్చేస్తే సాయంత్రానికి మిగలవు.

ఇవన్నీ తీరిగ్గా ఆలోచిస్తే తలుపులు వేసి ఉంచడమే మేలని తేలుతుంది. బీరువాలో పెట్టేముందు తుపాకీలోంచి, ఆక్సీమీటర్లోంచి సెల్లులు తీసెయ్యండి. వాడకుండా ఉంచితే కారిపోయి లోపలి రేకులు తినేస్తాయి. ఎవరూ రాకపోయినా పాడయ్యేవి కేంద్రంలో అవి మాత్రమే.