సవరణ: 'ఇన్ ద డార్క్', జపనీస్ 'కురాయ్' ఒకటి కావు

జపనీయులకు ఇంగ్లీష్ నేర్పే తెలుగు టీచర్ల కోసం ఇచ్చిన గత పోస్టులో, తెలియకపోవడాన్ని చెప్పే మాటల పట్టిక ఉంది. అందులో 'హోరిత్సు ని కురాయ్' ఎదురుగా 'ఇన్ ద డార్క్ అబౌట్ ద లా' అని పడింది. దయచేసి ఆ వరుస కొట్టేయండి.

కురాయ్ అంటే చీకటిగా ఉండటమే. కానీ 'చట్టం విషయంలో కురాయ్' అంటే ఆ రంగంలో పరిజ్ఞానం తక్కువ అని, అంతే. ఇంగ్లీషులో ఇన్ ద డార్క్ అంటే తెలియాల్సిన సంగతి తనకు ఎవరూ చెప్పలేదని. అందులో చాలాసార్లు ఫిర్యాదు కూడా వినిపిస్తుంది. జపనీస్ ఉద్యోగి వినయంగా 'ఇన్ ద డార్క్' అంటే, అతను తనను తప్పుపడుతున్నాడని మేనేజర్ అనుకోవచ్చు. 'ఐ డోంట్ నో మచ్ అబౌట్ ద లా' అంటే సరిపోతుంది.

ఇన్ ద డార్క్‌కు నిజంగా దగ్గరైనది 'కాయా నో సొతో', అంటే దోమతెర బయట. అందరూ లోపల ఉండగా ఒక్కరినే బయట వదిలేయడం. ఎంత చక్కటి మాట!

'ఇగ్నరెంట్' గురించి కూడా ఒక జాగ్రత్త. జపనీయులు తమ గురించి 'ముచి', అంటే ఏమీ తెలియకపోవడం, అని మర్యాదగా చెప్పుకుంటారు. 'ఇగ్నరెంట్ ఆఫ్' తర్వాత విషయం పేరు వస్తే పర్వాలేదు. మనిషిని ఉత్తినే ఇగ్నరెంట్ అంటే అది తిట్టే.

తెలియకపోతేనే హాయి అని చెప్పే జపనీస్ సామెత 'షిరను గా హొతొకె'కు ఆ పట్టికలో ఇచ్చిన 'ఇగ్నరెన్స్ ఈజ్ బ్లిస్' మాత్రం అలాగే ఉంచండి.