సవరణ: గేర్ ఆయిల్ కింది నుంచే ఎక్కించాలి
పడవ వెనక బిగించే ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు సర్వీసింగ్ గురించిన ముందు పోస్టులో గేర్ ఆయిల్ పై రంధ్రంలోంచి పోయమని ఉంది. అలా పోయకండి. లోపల గాలి చిక్కుకుని, నిండినట్టు కనిపించినా ఆయిల్ తక్కువే పడుతుంది.

మోటారు నిటారుగా ఉంచి, ప్రొపెల్లర్ దగ్గరి గేర్ పెట్టెకున్న కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ విప్పి పాత ఆయిల్ దించండి. కొత్త ట్యూబు మూతిని కింది రంధ్రానికి ఆనించి, పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా ఆయిల్ కారేదాకా నొక్కండి. పై స్క్రూ బిగించాకే ట్యూబు తీయాలి. అప్పుడు కింది స్క్రూ పెట్టేలోపు పోయేది కొద్ది చుక్కలే. వాషర్లు రెండూ కొత్తవి వేయండి. అక్కడ పొదుపు చేస్తే నీళ్లు దూరతాయి.

దిగిన ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు ఇప్పటికే దూరాయన్నమాట. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు (ప్రొపెల్లర్ కడ్డీ చుట్టూ నీళ్లు దూరకుండా ఆపే రింగు) చూడండి. వల దారం చుట్టుకుని పాడుచేసేది దాన్నే.