మట్టిచేతులతో తింటే ఇమ్యూనిటీ రాదండీ, నులిపురుగులొస్తాయి

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్కూళ్లలో పిల్లలకి సబ్బుతో చేతులు కడగడం నేర్పి ఇమ్యూనిటీ పాడుచేస్తున్నారంట, శుభ్రత ఎక్కువైతే రోగాలని సైంటిస్టులే చెప్పారంట, మన కాలంలో సబ్బు లేకుండానే గట్టిగా పెరిగామంట, అసలు అదంతా టైమ్ వేస్టంట. టీచర్లు కూడా షేర్ చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆ సైంటిస్టుల మాట. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ ఆయన, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు ఎక్కువున్న ఇళ్లలో పిల్లలకి తుమ్ములు, ముక్కు కారడం లాంటి ఎలర్జీలు తక్కువని గమనించి ఒక ఊహ చెప్పాడు. అది ఎలర్జీల గురించి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చుకోమని ఆయన ఎక్కడా అనలేదు. టైఫాయిడ్ ఒకసారి వచ్చినా మళ్లీ రాదనే గ్యారంటీ లేదు, ఇక ఇమ్యూనిటీ ఎక్కడిది?

మట్టిలో ఆడొద్దని ఎవరూ అనట్లేదు, ఆడనివ్వండి. ఆడొచ్చాక, దొడ్డికెళ్లొచ్చాక, అన్నం ముందు కడుక్కోమంటున్నారు, అంతే. ఏలికపాముల గుడ్లు మలం నుంచి మట్టిలోకి, మట్టి నుంచి గోళ్ల సందుల్లోకి, అక్కణ్నుంచి నోట్లోకి పోతాయి. కొంకిపురుగైతే చెప్పుల్లేని కాళ్ల చర్మంలోంచే లోపలికెళ్లి రక్తం తాగుతుంది, దానికి చేతులు కడిగితే చాలదు, చెప్పులేయాలి. 2015 నుంచి ఫిబ్రవరి 10న బళ్లలో అల్బెండజోల్ మాత్ర ఇస్తున్నది ఇందుకే, కానీ ఆ మాత్ర కడుపులో ఉన్నవాటిని చంపుతుందే గానీ మళ్లీ రాకుండా ఆపదు.

"మన కాలంలో" అనేవాళ్లు ఇంట్లో పెద్దావిణ్ని అడగండి, పుట్టింది ఎంతమంది, దక్కింది ఎంతమంది అని. 1971లో దేశంలో వెయ్యిమంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు, 2020కి అది 28. టీకాలు, ఆసుపత్రులు, మంచినీళ్లు అన్నీ కలిసి చేసిన పని ఇది, సబ్బు ఒక్కటే కాదు, కానీ పాత రోజుల్లో అందరూ గట్టిగా పెరిగారన్నది మాత్రం పచ్చి అబద్ధం.

టైమ్ వేస్టా? కరాచీ మురికివాడల్లో ఇళ్లకి సబ్బిచ్చి కడగడం నేర్పి చూశారు, 2005లో ఫలితాలొచ్చాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా సగానికి తగ్గింది, పదిహేనేళ్లలోపు వాళ్లలో విరేచనాలు సగానికి పైనే తగ్గాయి. ఇంకోటి, యాంటీబ్యాక్టీరియల్ సబ్బు, మామూలు సబ్బు రెండూ ఒకేలా పనిచేశాయి, కాబట్టి ఖరీదైనవి కొనక్కర్లేదు.

అసలు కష్టం వేరే ఉంది. మధ్యాహ్న భోజనం ముందు వందమంది పిల్లలకి రెండు కుళాయిలు, సబ్బు పెడితే కాకి ఎత్తుకుపోతుంది లేదా మాయమవుతుంది. పాత వాటర్ బాటిల్లో కొంచెం బట్టల సబ్బుపొడి నీళ్లలో కలిపి, మూతకి చిల్లుపెట్టి కుళాయికి కట్టేయండి. ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడే టైములోనే పని అయిపోతుంది.